డ్రమ్ము గ్రిల్‌లో బొగ్గులు పావుగంటకే ఆరిపోతున్నయా?

తుమ్మ బొగ్గు మంచిగ లేదేమో అని అడిగిన్రు గని, దాని తప్పు కాదన్నా, కింది నుంచి గాలి ఆడుతలేదు. మీరు పెట్టిన ఫొటోల చూసిన, బొగ్గులు డ్రమ్ము అడుగు మీదనే పోసిన్రు. బూడిద పేరుకొని నిప్పును ఊపిరాడనిస్తలేదు.

1. అడుగుకు మూడు అంగుళాల పైన అడ్డంగ రెండు చువ్వలు వెల్డింగ్ చేయించి, వాటి మీద జాలీ పరువుండ్రి. బొగ్గులు దాని మీదనే. అందరు మరిచేది ఇదే. మా దేవరకొండల నేను చేయించిన మొదటి గ్రిల్ కూడ గిట్లనే ఆరిపోయేది.

2. గాలి బొక్కలు ఆ జాలీ కిందికి రావాలె. మీవి పైకున్నయి, కింద నాలుగైదు కొట్టించుండ్రి.

3. జీఐ జాలీ (జింకు పూత పూసిన ఇనుప జాలీ) అస్సలు వద్దు. బాగ కాలితే దాని జింకు పూత పొగైతది, అది పీలిస్తే జ్వరమొస్తది. మామూలు ఇనుప చువ్వలు చాలు.

బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర కనబడినంకనే సీకులు పెట్టుండ్రి.