కొత్త యాప్ కన్నా ముందు ఫోన్ నంబర్లు సరిచూడండి

మీ ప్రశ్న చదివాను. తల్లిదండ్రులకు సమాచారం చేరవేసే బాధ్యత ఈ ఏడాది మీకు అప్పగించారు. ప్రతి క్లాసుకీ వాట్సాప్ గ్రూప్ ఉంది, ఒక యాప్ కూడా కొన్నారు. అయినా ఏ మీటింగ్ పెట్టినా సగం మంది "మాకు తెలియదండీ, ఎవరూ చెప్పలేదు" అంటున్నారు. ఇంతకన్నా మంచి యాప్ ఏదైనా ఉందా అని అడిగారు.

నేను లెక్కల టీచర్‌ని. తొమ్మిదేళ్లు ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్‌గా ఉన్నాను. మా అమ్మాయి వేరే స్కూల్లో చదువుతోంది, కాబట్టి ఇలాంటి మెసేజ్‌లు అందుకోవడం ఎలా ఉంటుందో కూడా నాకు తెలుసు. మేం రెండుసార్లు యాప్ మార్చాం. రెండుసార్లూ ఇదే ఫిర్యాదు. చివరికి అసలు లోపం మా రిజిస్టర్‌లోనే బయటపడింది.

మా క్లాసులో ఒక అబ్బాయి తరచుగా రాకపోయేవాడు. హాజరు వేయగానే సాఫ్ట్‌వేర్ నుంచి ఇంటికి మెసేజ్ వెళ్లేది, నా స్క్రీన్ మీద ప్రతి మెసేజ్ పక్కనా 'డెలివర్డ్' అని కనిపించేది. మూడు వారాలు గడిచినా ఇంటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. వాళ్లకి పిల్లాడి చదువు పట్టదని స్టాఫ్‌రూమ్‌లో నేనే అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒక సాయంత్రం అడ్మిషన్ కాగితాల్లో పాత నంబర్ ఒకటి కనిపిస్తే దానికి ఫోన్ చేశాను. వాళ్ల అమ్మగారు ఎత్తారు. నేను చెప్పింది విని కాసేపు మాట్లాడలేకపోయారు. "రోజూ బ్యాగ్ వేసుకుని వెళ్తున్నాడు టీచర్ గారూ" అన్నారు. మేం ఇన్నాళ్లూ మెసేజ్ పంపుతున్నది ఆ అబ్బాయి దగ్గరున్న ఫోన్‌కే. ఏడాది మొదట్లో వివరాల ఫారం ఇంటికి పంపితే వాడే నింపి, తన నంబరే రాసి తెచ్చాడు. మేం దాన్నే కంప్యూటర్‌లోకి ఎక్కించాం.

మర్నాటి నుంచి క్లాసులో 46 మంది ఇళ్లకీ ఒక్కొక్కటిగా ఫోన్ చేశాను. 11 నంబర్లు పనికిరానివి. కొందరు సిమ్ మార్చేశారు. ఇద్దరి విషయంలో ఉన్నది వేరే ఊళ్లో పనిచేసే నాన్న నంబర్. ఆయనకి మెసేజ్ అందుతోంది, చూస్తున్నారు కూడా. కానీ అది ఇంట్లో పిల్లల్ని చూసుకునే వాళ్ల దాకా వెళ్లట్లేదు. ఒకరింట్లో అమ్మమ్మే అన్నీ చూసుకుంటున్నారు, ఆమె నంబర్ మా దగ్గర లేనేలేదు.

అందుకే నా సలహా ముందు ఇదే. ఫారం పంపకండి, ఫోన్ చేయండి. ప్రతి ఇంటినీ నాలుగు సంగతులు అడగండి. పిల్లల సంగతి ఎవరితో మాట్లాడాలి, ఏ వేళలో అయితే ఎత్తగలరు, మెసేజ్ చదువుకోవడం తేలికా లేక వింటే తేలికా, ఆ ఫోన్ పిల్లలు కూడా వాడతారా. చివరి ప్రశ్న చిన్నదనిపిస్తుంది కానీ చాలా విషయాలు అక్కడే తేలతాయి. అమ్మానాన్నల కన్నా ముందు ఫోన్ పిల్లల చేతికి వెళ్లే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట మెసేజ్ డిలీట్ అవడానికి క్షణం పట్టదు. ఆ ఇళ్లకి ముఖ్యమైన సంగతి కాల్ చేసే చెప్పాలి. ఇంకోటి, అమ్మానాన్నలు విడివిడిగా ఉంటున్న ఇళ్లలో ఎవరికి ఏం చెప్పాలో వాళ్లనే అడిగి రాసుకోండి, మనం ఊహించుకోకూడదు.

చదవడం రాని తల్లిదండ్రుల గురించి కూడా చెప్పాలి. మా క్లాసులో అలాంటి వాళ్లు ఆరుగురు. యాప్‌లో వచ్చే పొడవాటి నోటీసు వాళ్లకి వాళ్ల పిల్లలే చదివి వినిపించాలి. తన మీద వచ్చిన ఫిర్యాదుని ఏ పిల్లాడు ఉన్నదున్నట్టు చదువుతాడు? వాళ్లకి నేను వాయిస్ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాను. ముప్పై నలభై సెకన్లు, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో. స్మార్ట్‌ఫోన్ లేని ఇద్దరికి వారానికోసారి కాల్. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు. కానీ ఆ ఆరుగురిలో ఐదుగురు ఆ ఏడాది మొదటిసారి స్కూలుకి తిరిగి ఫోన్ చేశారు.

ఎస్సెమ్మెస్ వాడుతుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇంగ్లీష్ అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో రాస్తే ఆ హద్దు 70కి పడిపోతుంది. పైగా గుణింతం గుర్తు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'క్షే' అన్న ఒక్క అక్షరానికే నాలుగు పోతాయి. దాటితే రెండు మూడు ఎస్సెమ్మెస్‌ల ఖర్చు పడుతుంది. అందుకే చాలా స్కూళ్లు ఇంగ్లీష్‌లోనే పంపేస్తాయి, ఇంట్లో వాళ్లకి అర్థం కాదు. నేనైతే తెలుగులోనే పంపమంటాను, కానీ పది మాటల్లో. "రేపు శనివారం స్కూలు మధ్యాహ్నం 12కే వదిలేస్తాం." ఇంత చాలు. 'ప్రియమైన తల్లిదండ్రులకు తెలియజేయడమేమనగా' అనగానే సగం చోటు అయిపోతుంది.

ఇక వాట్సాప్ గ్రూప్. దీని వల్ల మేలు ఉంది, కాదనను. కానీ నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, మీరు చేయకూడదని. ఒకసారి ప్రాజెక్ట్ ఇవ్వని పిల్లల పేర్లు గ్రూప్‌లో పెట్టాను. ఏడు పేర్లు. గంటలో ఒకమ్మ గ్రూప్ వదిలి వెళ్లిపోయారు. మర్నాడు స్కూలుకి వచ్చి, "మా వాడు వారం రోజులు జ్వరంతో ఉన్నాడు. నన్ను అడిగితే చెప్పేదాన్ని కదా, అందరిలో పెట్టాలా?" అన్నారు. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ఒక పిల్లాడికి సంబంధించింది ఆ ఇంటికే వెళ్లాలి. మార్కులు, ఫీజు బాకీ, ఆరోగ్యం, అల్లరి, ఇవేవీ గ్రూప్‌లో పెట్టకూడదు.

గ్రూప్‌ని అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చండి, సెట్టింగ్స్‌లో ఉంటుంది. అలా చేయకపోతే ఎవరో ఒకరు పెట్టిన సందేహం కింద ఎనభై మెసేజ్‌లు చేరి, రేపటి పరీక్ష సమయం ఎక్కడో పైకి పోతుంది. గ్రూప్‌లో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, కొందరు అమ్మలకి అది ఇష్టం ఉండదు. వాట్సాప్‌లో 2022 నుంచి 'కమ్యూనిటీ' ఉంది, అంటే చాలా గ్రూపుల్ని ఒకేచోట కలిపే సౌకర్యం. దాని ప్రకటనల గ్రూప్‌లో ఒకరి నంబర్ ఇంకొకరికి కనిపించదు, స్కూలు మొత్తానికి పంపే వాటికి అది బాగుంటుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ (ఒకే మెసేజ్‌ని చాలా మందికి విడివిడిగా పంపేది) వాడదామనుకుంటే జాగ్రత్త. మీ నంబర్‌ని తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్న వాళ్లకే ఆ మెసేజ్ వెళ్తుంది. మిగతా వాళ్లకి అసలు చేరదు. "నాకు రాలేదండీ" అనే వాళ్లలో కొందరు నిజమే చెప్తుంటారు.

మీరు కొన్న యాప్ గురించి. దాన్ని తీసేయమని అనను. కానీ తల్లిదండ్రుల వైపు నుంచి ఒక్కసారి మీరే లాగిన్ అయి చూడండి. డౌన్‌లోడ్ చేయాలి, స్కూలు కోడ్ వేయాలి, ఓటీపీ రావాలి, పాస్‌వర్డ్ పెట్టాలి. ఒక్కో మెట్టు దగ్గర కొందరు ఆగిపోతారు. అమెరికాలో పీటర్ బెర్గ్‌మన్, టాడ్ రోజర్స్ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 7,000 మందితో చేసిన ప్రయోగం ఒకటుంది. పిల్లల చదువు గురించి వారం వారం ఇళ్లకి ఫోన్ మెసేజ్‌లు పంపే పద్ధతి అది. మామూలుగా వెబ్‌సైట్‌కి వెళ్లి నమోదు చేసుకోమంటే ఒక శాతం మంది కూడా చేరలేదు. తేలిక చేసి అడిగితే 11 శాతం చేరారు. స్కూలే అందరినీ చేర్చేసి, వద్దనుకుంటే ఆపుకోవచ్చని చెప్తే 95 శాతం మంది కొనసాగారు. పిల్లల మార్కులు మెరుగుపడింది కూడా ఆ మూడో పద్ధతిలోనే. యాప్ వేసుకోలేదని తల్లిదండ్రుల్ని తప్పుపట్టే ముందు ఈ లెక్క మీ హెడ్‌మాస్టర్‌కి చూపించండి. మేం ఆ తర్వాత యాప్‌ని టీచర్ల రికార్డులకే ఉంచి, ఇంటికి వెళ్లేవన్నీ వాళ్లు ఇప్పటికే వాడుతున్న దాంట్లోకే పంపాం.

ఏం పంపాలన్నది ఇంకా ముఖ్యం. మాథ్యూ క్రాఫ్ట్, ఇదే టాడ్ రోజర్స్ కలిసి చేసిన ఇంకో అధ్యయనంలో టీచర్లు వారానికి ఒక్క వాక్యం ఇంటికి పంపారు, అంతే. అవి ఫెయిలైన సబ్జెక్టులు తిరిగి పూర్తి చేసుకునే పిల్లల క్లాసులు. సబ్జెక్ట్ పూర్తి చేయలేకపోయిన వాళ్లు 15.8 శాతం నుంచి 9.3 శాతానికి తగ్గారు. బాగా చేస్తున్నవాటి గురించి రాసిన మెసేజ్‌ల కన్నా, ఏది మెరుగుపరుచుకోవాలో చెప్పినవే ఎక్కువ పనిచేశాయి. నా అనుభవమూ అదే. "మీ అబ్బాయి లెక్కల్లో వెనకబడ్డాడు" అని పంపితే ఇంట్లో తిట్లు పడతాయి, లెక్కలు మాత్రం రావు. "భిన్నాల కూడికలో హారాలు సమానం చేయడం మర్చిపోతున్నాడు. ఈ రాత్రి 62వ పేజీలో మొదటి మూడు లెక్కలు మీ ముందు కూర్చుని చేయమనండి" అని పంపితే, లెక్కలు రాని అమ్మకి కూడా చేయగలిగిన పని ఒకటి దొరుకుతుంది. పక్కన కూర్చుంటే చాలు కదా.

అయితే మొదటి మెసేజే ఇలా ఉండకూడదు. స్కూలు నంబర్ చూడగానే చాలా మంది తల్లిదండ్రులు టెన్షన్ పడతారు. "ఏమైంది సార్, బాగానే ఉన్నాడా?" అంటూనే ఎత్తుతారు. ఎందుకంటే మనం ఏదో జరిగితేనే ఫోన్ చేస్తాం. స్కూలు తెరిచిన మొదటి రెండు వారాల్లో ప్రతి ఇంటికీ పిల్లల గురించి ఒక మంచి మాట, అది కూడా చూసి చెప్పిన మాట పంపండి. "మీ అమ్మాయి ఇవాళ కొత్తగా చేరిన పాపని తన పక్కన కూర్చోబెట్టుకుంది" లాంటిది. తర్వాత ఎప్పుడైనా కష్టమైన సంగతి చెప్పాల్సి వచ్చినా వాళ్లు వింటారు.

ఎక్కువ పంపడం కూడా ప్రమాదమే. మా అమ్మాయి స్కూల్లో యాప్ నుంచి రోజుకి పది పన్నెండు నోటిఫికేషన్లు వచ్చేవి. పోటీల ఫొటోలు, శుభాకాంక్షలు, ఫీజు గడువు, మళ్లీ ఫొటోలు. ఒకరోజు గంట ముందే వదిలేస్తున్నామన్న మెసేజ్ వాటి మధ్యలో వచ్చింది. నేను చూడలేదు. పాప గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబడింది. ఆ రోజు నుంచి మా స్కూల్లో ఒక పద్ధతి పెట్టించాను. వెంటనే తెలియాల్సినవి (సమయం మార్పు, పిల్లలు రాకపోవడం, ఒంట్లో బాగోలేకపోవడం) మెసేజ్‌తో పాటు కాల్‌గా కూడా వెళ్తాయి. మిగతావన్నీ శుక్రవారం సాయంత్రం ఒకే మెసేజ్‌లో. ఫొటోలు వేరే ఆల్బమ్‌లో, చూడాలనుకున్న వాళ్లే చూస్తారు. గైర్హాజరు కబురు మాత్రం ఉదయం మొదటి పీరియడ్ అయ్యేలోపే వెళ్లాలి. నెలాఖరున శాతం పంపి ఏం లాభం?

మార్కుల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. పేపర్ దిద్దగానే మార్కులు తల్లిదండ్రుల ఫోన్‌కి వెళ్లే సౌకర్యం చాలా యాప్‌లలో ఉంది. మేం దాన్ని ఒకరోజు ఆపి పంపుతాం. పేపర్ ముందు పిల్లల చేతికిస్తాం, ఇంట్లో నువ్వే చెప్పు అంటాం. తక్కువ వచ్చిన సంగతి తానే వెళ్లి చెప్పుకునే అవకాశం పిల్లలకి ఉండాలి. ఫోన్ ముందే చెప్పేస్తే, పాప ఇంట్లో అడుగుపెట్టేసరికి అంతా కోపంతో సిద్ధంగా ఉంటారు. అలా దెబ్బలు తిని వచ్చిన పిల్లని నేను చూశాను. మరోసారి చూడదలుచుకోలేదు.

మీ ప్రశ్నలో లేని సంగతి ఒకటుంది, వాళ్ల మాట మన దాకా రావడం. మన మెసేజ్‌లు చాలా వరకు జవాబివ్వడానికి వీల్లేని నంబర్ నుంచి వెళ్తాయి. నెలకి ఒక్క ప్రశ్న అడగండి, తేలికగా జవాబిచ్చేలా. "ఇంట్లో చదువుకోవడానికి కూర్చుంటున్నారా? అవునైతే 1, కష్టంగా ఉంటే 2 పంపండి." 2 పంపిన వాళ్లకి కాల్ చేయండి. ఒకసారి అలా చేస్తే ఒక నాన్న, తాను రాత్రి షిఫ్టులో ఉంటాననీ, పాపే తమ్ముణ్ణి నిద్రపుచ్చి ఆ తర్వాత హోంవర్క్‌కి కూర్చుంటోందనీ చెప్పారు. ఆ పాప క్లాసులో ఎందుకు కునుకు తీస్తోందో అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. తర్వాత ఆ పాప హోంవర్క్ సగం స్కూల్లోనే పూర్తి చేయించి పంపేవాళ్లం.

టీచర్లు ఒప్పుకుంటారా అంటే, సొంత నంబర్ ఇవ్వమంటే ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. స్కూలు తరఫున ఒక ఫోన్ పెట్టండి. సాయంత్రం ఇన్నింటి దాకా జవాబిస్తాం, ఆ తర్వాత వచ్చినవాటికి మర్నాడు అని మొదటిరోజే రాసి పంపండి. వారానికి అందరికీ కాదు, ఒక్కో టీచర్ రోజుకి ముగ్గురికి ఒక్కో వాక్యం పంపితే చాలు. 46 మంది క్లాసుకి మూడు వారాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. నేను నోట్‌బుక్‌లో పేర్లు రాసుకుని టిక్ పెట్టుకునేదాన్ని, లేకపోతే గొడవ చేసే పిల్లల ఇళ్లకే మళ్లీ మళ్లీ వెళ్తుంటాయి, నెమ్మదిగా ఉండే పిల్లల వంతు రానే రాదు.

ఈ వారం మీరు మొదలుపెట్టాలనుకుంటే ఒక్క క్లాసు తీసుకోండి. మీటింగ్‌కి ఎప్పుడూ రాని ఐదు ఇళ్లకి ముందు ఫోన్ చేయండి. నంబర్ కలవకపోతే పిల్లల చేత చీటీ పంపకండి, గేటు దగ్గర సాయంత్రం తీసుకెళ్లడానికి ఎవరు వస్తున్నారో చూసి వాళ్లనే అడగండి. నంబర్లన్నీ సరిచేయడానికి మాకు దాదాపు నెల పట్టింది. మీరు ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, నాకు తెలిసింది చెప్తాను.