“ఏం లేదమ్మా” అనే కొడుకు సంగతి ముందు తేల్చుకోండి

యాభై ఎనిమిదేళ్ళకి రష్యన్ వస్తుందా అని అడిగారు. వస్తుంది. ఉన్నవి 33 అక్షరాలు, రోజూ అరగంట కూర్చుంటే కొన్ని వారాల్లో షాపుల బోర్డులు కూడబలుక్కుని చదివేస్తారు. ఏ యాప్ మంచిదన్నది మీ రెండో ప్రశ్న. ఏదైనా పర్లేదు. మీ ఉత్తరంలో ఉన్న బాధ యాప్‌తో తీరేది కాదు కాబట్టి దాని మీద ఇంతకంటే చెప్పను.

ఉత్తరం చదవని వాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఈవిడకి ఒక్కగానొక్క కొడుకు. రష్యాలోని కజాన్‌లో మెడిసిన్ చదివి, తనతో చదివిన రష్యన్ అమ్మాయినే పెళ్ళి చేసుకుని, అక్కడే ఆస్పత్రిలో చేస్తున్నాడు. నాలుగేళ్ళ మనవడు. పోయిన వేసవిలో ఈవిడ వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చారు. కోడలు ఈవిడని పేరు పెట్టి పిలుస్తుంది. వాళ్ళమ్మతో ఫోన్లో గంటసేపు మాట్లాడుతుంది, మధ్యలో ఈవిడ పేరు వినపడుతుంది. మనవడు ఏదో చెప్పబోయి, చెప్పి చెప్పి విసుగొచ్చి వెళ్ళిపోతాడు. “వాళ్ళు నా గురించి ఏమనుకుంటున్నారో నాకు తెలియాలి, అందుకే నేర్చుకుంటాను” అని రాశారు. వచ్చే వేసవికి మళ్ళీ ప్రయాణం.

అమ్మా, అంత పొడుగు ఉత్తరంలో మీ అబ్బాయి గురించి రాసింది ఎంతో ఒకసారి మీరే చూసుకోండి. “వాడు పాపం డ్యూటీలతో అలిసిపోతాడు” అని ఒక ముక్క. భోజనాల దగ్గర అందరూ నవ్వుకుంటుంటే, ఏమిట్రా అని మీరడిగినప్పుడు “ఏం లేదమ్మా, ఊరికే” అన్నాడని ఇంకో ముక్క. అంతే. కోడలి మీద మాత్రం రెండు పేజీలు. నాకు మాత్రం ఆ “ఏం లేదమ్మా” దగ్గరే మొత్తం కథ కనిపిస్తోంది.

ఆ ఇంట్లో తెలుగూ రష్యనూ రెండూ వచ్చినవాడు ఒక్కడే. పది నిమిషాల మాటల్ని “ఊరికే” అని ఒక్క మాటలో తేల్చేసేవాడు, అటు భార్య “మీ అమ్మ ఏమంటున్నారు” అని అడిగినా అలాగే తేల్చేస్తాడు కదా. మీరు పొద్దున్నే లేచి పిల్లాడికి ఏం పెట్టాలా అని ఆలోచిస్తే ఆ అమ్మాయికి చేరేది ఏమిటి? ఏమీ చేరదు. మూడు నెలలు మీరిద్దరూ ఒకే వంటింట్లో నిలబడి ఒకరి మనసు ఒకరికి తెలియకుండా గడిపారంటే, అందులో మీ తప్పు కొంచెం, ఆ పిల్ల తప్పు ఇంకా కొంచెం, మీవాడి బద్ధకం మాత్రం చాలా ఎక్కువ.

పేరు పెట్టి పిలవడం సంగతే తీసుకోండి. మీకు ఎంత గుచ్చుకుందో అర్థమవుతోంది, కోడలు అత్తగారిని పేరు పెట్టి పిలిస్తే ఎవరికైనా ప్రాణం చివుక్కుమంటుంది. కానీ రష్యాలో పెద్దవాళ్ళని పేరు పెట్టే పిలుస్తారు. పేరుకి తండ్రి పేరు కలిపి, అన్నా పెత్రోవ్నా అంటే ప్యోతర్ గారి కూతురు అన్నా అన్నమాట. బళ్ళో పిల్లలు టీచర్లనీ, రోగులు డాక్టర్లనీ, చాలా ఇళ్ళల్లో కోడళ్ళు అత్తగార్లనీ అలాగే పిలుస్తారు. నువ్వు, మీరు అనే తేడా మనకున్నట్టే వాళ్ళకీ ఉంది, ఆ అమ్మాయి మీతో మాట్లాడేటప్పుడు ‘వీ’ అంటోందా ‘తీ’ అంటోందా విన్నారా? ‘వీ’ అంటుంటే మిమ్మల్ని ‘మీరు’ అంటున్నట్టే. మన వరసలో తండ్రి పేరు తగిలించడం కుదరదు గనక పేరొక్కటే మిగిలి ఉంటుంది. ఇది మీవాడికి తెలియదా? ఆస్పత్రిలో పెద్ద డాక్టర్లని తను రోజూ పిలిచేది అలాగే. “అమ్మా, ఇక్కడ ఇదే మర్యాద” అని మీకో మాట, “మా అమ్మని అత్తయ్యా అని పిలువు” అని ఆ పిల్లకో మాట చెప్పి ఉంటే ఈ రెండు పేజీలు రాయాల్సిన పని ఉండేదా?

మనవడి విషయం ఇంతకన్నా పెద్దది. నాన్న తెలుగువాడు, పిల్లాడికి తెలుగు ముక్క రాదు. “రెండు భాషలైతే వాడు కన్‌ఫ్యూజ్ అవుతాడమ్మా” అని చెప్పాడని రాశారు. అవ్వరు. అమ్మ ఒక భాష, నాన్న ఒక భాష మాట్లాడే ఇళ్ళు ప్రపంచంలో కోకొల్లలు, పిల్లలు మొదట్లో మాటలు కలిపేస్తారు, తర్వాత ఎవరితో ఏది మాట్లాడాలో వాళ్ళే తెలుసుకుంటారు. పుట్టిన దగ్గర్నుంచి నాన్న తెలుగులో మాట్లాడి ఉంటే ఇవాళ ఆ పిల్లాడే మీకు రష్యన్ నేర్పేవాడు. నాలుగేళ్ళు దాటిపోలేదు, ఇప్పుడు మొదలుపెట్టినా వస్తుంది, కాకపోతే సాయంత్రం ఇంటికొచ్చాక కొడుకుతో తెలుగులో మాట్లాడే ఓపిక మీవాడికి ఉండాలి. నానమ్మ యాభై ఎనిమిదో ఏట కొత్త భాష మొదలుపెట్టాలిట, నాన్న మాత్రం వచ్చిన భాష మాట్లాడడట. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఇదంతా మీవాడితో ఎప్పుడైనా అన్నారా? అనలేదు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, కొడుకు మీద కోపాన్ని కోడలి మీదకి మళ్ళించారు. కొడుకుని ఒక మాట అంటే ఇంకా దూరమైపోతాడేమో అన్న భయం మీది. ఆ భయంతో నోరు మూసుకుని, ఆ ఇంట్లో వండిపెట్టి, గిన్నెలు తోమి, గదిలో కూర్చుని తిరిగొచ్చారు. మళ్ళీ అలాగే వెళ్ళేట్టయితే వెళ్ళకండి.

ఇక ఫోన్ సంగతి. చాటుగా వినడానికి భాష నేర్చుకుంటానంటే నేను ఒప్పుకోను. పైగా కుదరదు కూడా. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకి రష్యన్ నేర్పడానికి పెట్టుకున్న లెక్క 44 వారాలు, 1,100 గంటల క్లాసులు. తల్లీకూతుళ్ళు ఫోన్లో సగం మింగేసి గబగబా మాట్లాడుకునేది అంతకన్నా కష్టం. (ఆ శాఖ భాషల జాబితాలో తెలుగు కూడా రష్యన్ వరసలోనే ఉంది. మీ కోడలికి మన భాష ఎందుకు రావట్లేదు అనుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.) అయినా మీ గురించి అమ్మతో ఏదో అందే అనుకోండి, మీ కోడలి గురించి మీరు మీ చెల్లెలితో అనలేదా?

నేర్చుకోవడం మాత్రం మానకండి, కారణం ఒక్కటే మార్చుకోండి. మనవడితో, కోడలితో మాట్లాడటానికి నేర్చుకోండి. మనకి అనుకున్నంత కొత్తగా కూడా ఉండదు. “ఇది ఇల్లు” అంటాం కదా, వాళ్ళూ అంతే, “ఎతా దోమ్”, మధ్యలో ఇంగ్లీషులోలా ఈజ్ లేదు, ఎ, ద లాంటివీ లేవు. ఇల్లు, ఇంటికి, ఇంట్లో అని మనం మాట చివర మార్చినట్టే వాళ్ళూ మారుస్తారు, విభక్తులు ఆరు. ఆ మార్పులు బట్టీ పట్టాలి, విసుగే, తప్పదు. రాసినట్టు పలకరు కూడా, నొక్కి పలకని చోట ‘ఓ’ కాస్తా ‘అ’ అయిపోతుంది, పాలని ‘మొలొకొ’ అని రాసి ‘మలకో’ అంటారు. కాబట్టి పుస్తకం కన్నా చెవి ముఖ్యం.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి? కోడలి దగ్గర. మీవాడి దగ్గర వద్దు. వాడికి తీరికా లేదు, ఇంకో చిక్కూ ఉంది. రష్యన్‌లో జరిగిపోయిన పని గురించి చెప్పేటప్పుడు ఆడవాళ్ళ మాట వేరు, మగవాళ్ళ మాట వేరు. అలిసిపోయానని మగవాడు “యా ఉస్తాల్” అంటాడు, మీరు “యా ఉస్తాలా” అనాలి. తిన్నానంటే వాడు “పయేల్”, మీరు “పయేలా”. కొడుకుని చూసి నేర్చుకుంటే మగరాయుడిలా మాట్లాడి అందరినీ నవ్విస్తారు.

ప్రయాణం దాకా ఆగక్కర్లేదు. కజాన్‌కీ మనకీ రెండున్నర గంటలే తేడా. ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో మీవాణ్ణి కాసేపు పక్కకి వెళ్ళమనండి. ఉల్లిపాయ చూపించి “ష్తో ఎతా?” అనండి, ఇదేమిటీ అని. ఆ అమ్మాయి “లూక్” అంటుంది. చెంచా చూపిస్తే “లోష్కా”. అర్థం కాకపోతే “మేద్లెన్నియె, పజాలుస్తా”, కొంచెం మెల్లగా అని. తర్వాత మీ చేతిలో ఉన్నదాన్ని తెలుగులో మీరు చెప్పండి, ఆ పిల్లా పిల్లాడూ పలుకుతారు. పిల్లాడు సరిగ్గా అంటే “మలదేత్స్” అని మెచ్చుకోండి, ఆ మాట వాడు రోజూ బళ్ళో వినేదే, నానమ్మ నోటి నుంచి వింటే మాత్రం ఫోన్ వదలడు.

మీవాడితో మాట్లాడటం అంతకన్నా ముందు జరగాలి, మెసేజ్ కాదు, ఫోన్ చేసి. “నేను వచ్చేలోపు వాడితో నువ్వు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాలి. అక్కడున్నన్నాళ్ళూ అన్నం దగ్గర ఏం మాట్లాడుకున్నా నాకు చెప్పాలి, నేనన్నది తనకి చెప్పాలి, ఊరికే అంటే ఒప్పుకోను” అనండి. ఏడవకండి, దెప్పకండి, నిన్ను ఎంత కష్టపడి చదివించానో అని ఎత్తుకోకండి, అలా మొదలుపెట్టారంటే వాడు మళ్ళీ ఏం లేదమ్మా అంటాడు. సరే అంటే టికెట్ బుక్ చేసుకోండి.

ఇంకో మాట, వెళ్ళాక వియ్యపురాలిని ఒకసారి విడిగా కలవండి. వెళ్ళేటప్పుడు పూలు తీసుకెళ్ళండి, లెక్కపెట్టి మూడో అయిదో ఉండేలా చూసుకోండి, సరి సంఖ్య అక్కడ చావుకి తీసుకెళ్తారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పితే ఇంట్లో వేసుకోవడానికి వేరే జత వాళ్ళే ఇస్తారు, వద్దనకండి. ఆవిడ పేరుకి తండ్రి పేరు ఏమిటో ముందే కోడలిని అడిగి తెలుసుకుని వెళ్ళండి.