డ్రయ్యరు లోపలి ‘ఫ్లైట్ల’ను ఏమనాలి?

సందేహం: బెంగళూరు పీణ్యలో తిరిగే డ్రమ్ములో వేడిగాలితో సరుకును ఆరబెట్టే రోటరీ డ్రయ్యర్లు తయారుచేసే యూనిట్‌లో పనిచేస్తున్నాను. ఆంధ్ర, తెలంగాణ కొనుగోలుదార్ల కోసం తెలుగులో మాన్యువల్ రాస్తున్నాం. డ్రమ్ము లోపలి గోడకు బిగించే పలకలు, అంటే ‘ఫ్లైట్లు’, కంప్యూటరు అనువాదంలో ‘విమానాలు’ అయ్యాయి. మేం ‘రెక్కలు’ అని దిద్దాం. సరేనా? ‘ఆరడం’, ‘ఎండడం’ రెండూ ఒకటేనా?

సమాధానం: విమానాల్ని దింపేశారు, సంతోషం. ‘రెక్కలు’ మాత్రం వద్దు. అదే యంత్రానికి వేడిగాలిని లాగే ఫ్యానుంది, దానికీ రెక్కలే. ‘రెక్కలకు పట్టిన ముద్దను గీకండి’ అని రాస్తే ఫిట్టరు ఏ తలుపు తెరవాలి?

చేసే పనిని బట్టి పేరు పెట్టండి. సరుకు పడే చివర ఒకటి రెండు మీటర్ల మేర మరచుట్టులా ఏటవాలుగా వెల్డు చేసినవి పచ్చి సరుకును వెనక్కి పొర్లనివ్వకుండా ముందుకు నెడతాయి. అవి నెట్టుపలకలు. ఆ తర్వాతవి సరుకును పైకెత్తి వేడిగాలికి అడ్డంగా జల్లుతాయి. అవి ఎత్తుపలకలు. వీటిలోనూ తేడాలున్నాయి: జిగటగా ఉన్నచోట అంచు వంచని తిన్నని పలక, కాస్త ఆరినచోట 45 డిగ్రీల అంచు, పొడిపొడిగా జారేచోట 90 డిగ్రీల అంచు, అంటే మన వడ్రంగులనే మూలమట్టపు వంపు. ఈ మూలమట్టపు పలకను తడి చివర బిగిస్తే వంపులో ముద్ద పేరుకుంటుంది. సరుకు జల్లుగా రాలక తడితోనే బయటపడుతుంది. కాబట్టి పేరు పక్కన డిగ్రీలు తప్పనిసరి. బొమ్మ కింద ‘ఫ్లైటు’ అనీ వేయండి, స్పేరు ఆర్డరిచ్చేవాళ్లకు ఆ మాటే కావాలి.

ఇక రెండోది. బట్టలు ఆరతాయి, అలికిన నేల ఆరుతుంది. చెరువు, మిరపకాయ ఎండుతాయి. పైతడి పోతే ఆరడం, లోపలి చెమ్మ కూడా పోతే ఎండడం. డ్రయ్యర్లోనూ మొదట పైతడి ఒకే వేగంతో పోతుంది; ఆపైన లోపలి చెమ్మ పైకి రావాలి కనుక వేగం తగ్గుతుంది. రెండు దశలకు రెండు మాటలూ చక్కగా అమరతాయి. యంత్రాన్ని మాత్రం డ్రయ్యరనే పిలవండి.

ఒక్క జాగ్రత్త. తెలుగులో దీపమూ ఆరుతుంది. ‘ఆరాక డ్రమ్ము ఆపండి’ అంటే సరుకా, గాలిని వేడిచేసే బర్నరా? బర్నరు దగ్గర ‘మంట ఆగితే’ అని రాయండి. మంట ఆగినా, షెల్లు, అంటే డ్రమ్ము గోడ, చల్లబడేదాకా డ్రమ్ము తిరుగుతూనే ఉండాలని కూడా చేర్చండి. వేడి మీద నిలిపేస్తే షెల్లు వంగిపోతుంది.