మా నాయనకు, మేనత్తకు క్యాన్సర్. నాకు బ్రెయిన్ ట్యూమర్ వస్తుందా?

నాయనకు గొంతు క్యాన్సర్, మేనత్తకు రొమ్ము క్యాన్సర్, నాకు తరచూ తలనొప్పి, ఎమ్మారై తీయించుకోవాల్నా అని అనంతపురం నుంచి అడిగారు.

నాయన బీడీ తాగేవారైతే ఆ గొంతు క్యాన్సర్ వంశం లెక్కలోకి దాదాపు రానట్టే. మేనత్తకు ముప్ఫైలో వచ్చిందా, అరవైలో వచ్చిందా? అది రాయలేదు. చూడాల్సింది అదే. మెదడు గడ్డల్లో పుట్టుకతో వచ్చే జన్యులోపానివి నూటికి సుమారు ఐదే.

మన వైపు ఓపీలో కుటుంబ చరిత్ర ఇట్లుంటుంది. ‘తాతకేమైంది?’ ‘కడుపులో గడ్డ సార్.’ ‘కడుపులో ఎక్కడ?’ ‘కడుపులోనే.’ ‘ఎన్నో ఏట?’ ‘మా బోరు ఎండిపోయిన సంవత్సరం.’ రిపోర్టులేవంటే, దినం అయినాక పారేసినామంటారు. బయాప్సీ కాగితం ఒక్కటుంటే చాలు కదా! సంబంధాలు చెడతాయని దాచేవాళ్లు మరికొందరు.

తెల్లకాగితం మీద మూడు తరాలు గీయండి. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, పోయినవాళ్లకు అడ్డగీత, మేనరికమైతే జంట మధ్య రెండు గీతలు. ప్రతి ఒక్కరి పక్కన క్యాన్సర్ మొదట ఏ అవయవంలో పుట్టింది, ఏ వయసులో బయటపడింది రాయండి. ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో మెదడుకు పాకినదాన్ని ‘బ్రెయిన్ క్యాన్సర్’ అని రాస్తే లెక్క తప్పుతుంది.

ఒకే వైపు రక్తసంబంధీకుల్లో చిన్న వయసులో రొమ్ము, ఎముక లేదా కండ, మెదడు క్యాన్సర్లు కనబడితే టీపీ53 అనే జన్యువులో లోపముందని అనుమానిస్తారు. పేగు, మెదడు క్యాన్సర్లు కలిసి వస్తే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు. చిన్న మెదడు (తల వెనక భాగంలోది), కంటి రెటీనా, మూత్రపిండంలో గడ్డలైతే వీహెచ్ఎల్ (వాన్ హిప్పెల్-లిండావ్) అనే జబ్బు. ఒంటి మీద పాలకాఫీ రంగు మచ్చలు ఆరు గానీ అంతకు మించి గానీ ఉంటే ఎన్ఎఫ్1 (న్యూరోఫైబ్రోమటోసిస్) అనే జబ్బు. వీటికి మేనరికంతో పనిలేదు, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. మేనరికం దెబ్బకొట్టేది సీఎంఎంఆర్‌డీ అనే అరుదైన జబ్బులో. అందులో లోపం ఇద్దరి నుంచీ రావాలి, గడ్డలు పసివయసులోనే వస్తాయి.

జన్యుపరీక్షకు మొదటే మీ రక్తం ఇవ్వద్దు. జబ్బు వచ్చి బతికున్నవాళ్లది ముందు పంపాలి. అక్కడ లోపం దొరక్కుండా మీది ‘నెగటివ్’ అని వచ్చినా దానికి అర్థం లేదు.

ఇక తలనొప్పి. తెల్లవారుజామున ఎక్కువై వాంతులవుతున్నా, ఫిట్స్ కొత్తగా మొదలైనా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా ఆలస్యం చేయద్దు, స్కాన్ కావాల్సిందే. అవేవీ లేకుంటే ముందు కంటి డాక్టరుతో చుక్కలమందు వేయించి, తలలో ఒత్తిడి పెరిగితే వచ్చే కంటినరం వాపు ఉందేమో చూపించుకోండి. వాపు లేనంత మాత్రాన గడ్డ లేదని కాదు, ఉంటే మాత్రం అదేరోజు స్కాన్‌కు పోవాల. స్కాన్‌లో ఉంగరంలాంటి మచ్చ కనబడగానే ఇంటిల్లిపాదీ ఏడవద్దు. మన దేశంలో ఫిట్స్‌తో వచ్చినవాళ్లలో అట్లాంటి చిన్న మచ్చ చాలాసార్లు బద్దెపురుగు తిత్తో, టీబీ గడ్డో అవుతుంది. రెంటికీ మందులున్నాయి.