గడువు దాటిందని హెబియస్ పిటిషన్‌ను కొట్టివేస్తే అప్పీలుకు అవకాశం ఉందా?

టెక్సాస్ రాష్ట్ర జైలులో ఉన్న మీ తమ్ముడి హెబియస్ పిటిషన్‌ను ఏడాది గడువు దాటిందన్న కారణంతో ఫెడరల్ జిల్లా కోర్టు కొట్టివేసిందని, అప్పీలుకు అవసరమైన సర్టిఫికెట్‌ను కూడా నిరాకరించిందని రాశారు. అవకాశం ఉంది గానీ సులువు కాదు. నేను న్యాయవాదిని కాను. డాలస్‌లో ఇటువంటి కేసులు చూసే ఒక చిన్న లా ఆఫీసులో పారాలీగల్‌గా, అంటే లాయర్లకు సహాయకుడిగా, పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. మన హైకోర్టుల్లో అక్రమ నిర్బంధంపై వేసే హెబియస్ కార్పస్‌ను మనసులో పెట్టుకుని దీన్ని చూడకండి. అక్కడ ఇలాంటి గడువు లేదు. ఇక్కడ అమెరికాలో ఇది రాష్ట్ర కోర్టు తీర్పు రాజ్యాంగ విరుద్ధమని ఫెడరల్ కోర్టులో సవాలు చేసే పిటిషన్, దానికి 1996 నాటి చట్టం ఏడాది గడువు విధించింది.

సర్టిఫికెట్ సంగతి తేలేదాకా ఆగకుండా ముందు అప్పీలు నోటీసు వేయించండి. తీర్పు నమోదైన నాటి నుంచి 30 రోజుల్లోగా అది జిల్లా కోర్టులోనే దాఖలు కావాలి. ఈ విషయంలో కోర్టులు ఎంత కఠినమో 2007 నాటి బౌల్స్ వర్సెస్ రస్సెల్ తీర్పు చూస్తే తెలుస్తుంది. అదీ ఒక ఖైదీ హెబియస్ కేసే. గడువు దాటాక నోటీసు వేయడానికి నిబంధన ప్రకారం 14 రోజులు మాత్రమే అదనంగా ఇవ్వదగిన చోట జిల్లా జడ్జి 17 రోజులు ఇచ్చారు. ఆయన మాట నమ్మి 16వ రోజున నోటీసు వేస్తే, ఆ అప్పీలును విచారించే అధికారమే కోర్టుకు లేదని అమెరికా సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తేల్చింది. నాకు అది ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది, కానీ చట్టం అదే.

మీ తమ్ముడు లాయరు లేకుండా తానే నోటీసు పంపుతున్నట్లయితే, జైలు సిబ్బందికి కవరు అప్పగించిన రోజే దాఖలు చేసిన రోజుగా లెక్కకు వస్తుంది. ఏ తేదీన అప్పగించారో, తపాలా ఖర్చు చెల్లించారో తెలిపే ప్రమాణపూర్వక ప్రకటనను తప్పకుండా జతచేయమనండి. మా ఆఫీసుకు వచ్చిన ఒక ఫైలులో కోర్టు ముద్ర మీది తేదీ గడువు దాటిపోయి ఉండగా, జైలు లీగల్ మెయిల్ రిజిస్టరులో ఖైదీ సంతకం ఉన్న ఒక్క పేజీ నకలు ఆ అప్పీలును నిలబెట్టింది.

జిల్లా జడ్జి సర్టిఫికెట్ నిరాకరించినా, అదే కోరుతూ టెక్సాస్ కేసులు చూసే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అయిన ఐదవ సర్క్యూట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు కారణంగా కొట్టివేసిన కేసులో రెండు సంగతులు చూపాలని 2000లో స్లాక్ వర్సెస్ మెక్‌డేనియల్ తీర్పు చెప్పింది. గడువుపై జిల్లా కోర్టు నిర్ణయం సరైనదేనా అన్నది, పిటిషన్‌లో రాజ్యాంగ హక్కు ఉల్లంఘన కనబడుతోందా అన్నది, రెండూ వివేకవంతులైన న్యాయకోవిదులు వాదించుకోదగినంత సందేహాస్పదంగా ఉండాలి. నేను చూసిన చేతిరాత దరఖాస్తుల్లో చాలావాటిలో విచారణలో జరిగిన అన్యాయమే పేజీల కొద్దీ ఉండేది, తేదీల ఊసే ఉండేది కాదు.

తేదీల లెక్కను మీరే కాగితం మీద వేసి చూడండి. రాష్ట్ర అత్యున్నత క్రిమినల్ కోర్టు దాకా వెళ్లి ఉంటే, అక్కడ తేలాక సుప్రీంకోర్టుకు వెళ్లేందుకు ఉండే 90 రోజులు ముగిసిన తరువాతే ఏడాది మొదలవుతుంది. వెళ్లకపోతే, అక్కడికి వెళ్లే గడువు ముగిసిన నాటి నుంచి మొదలవుతుంది. రాష్ట్ర కోర్టులో సక్రమంగా వేసిన హెబియస్ దరఖాస్తు పెండింగులో ఉన్న రోజులు మినహాయింపు పొందుతాయి గానీ, అంతకు ముందు గడిచిన రోజులు తిరిగి రావు. చాలా కుటుంబాలు ఏడాది మళ్లీ మొదటి నుంచి లెక్క అనుకుంటాయి. కోర్టు లెక్కలోనే తప్పు దొరికితే, తీర్పు సవరించమని 28 రోజుల్లోగా అదే జడ్జిని కోరవచ్చు. అది తేలేవరకు అప్పీలు గడువు నడవదు.

లెక్క సరైనదే అయితే మిగిలేవి రెండు వాదనలు. శ్రద్ధగా ప్రయత్నిస్తున్నా అసాధారణ పరిస్థితి అడ్డుపడిందని చూపగలిగితే గడువును సడలించవచ్చని 2010లో హాలండ్ వర్సెస్ ఫ్లోరిడా తీర్పు అంగీకరించింది. అక్కడ ఖైదీ ఎన్ని ఉత్తరాలు రాసినా లాయరు పట్టించుకోలేదు. ఆ ఉత్తరాలే అతని శ్రద్ధకు సాక్ష్యమయ్యాయి. కనుక మీ తమ్ముడు పాత లాయరుకు రాసిన ప్రతి ఉత్తరం నకలు సంపాదించండి. చట్టం తెలియదన్నది మాత్రం కారణంగా చెల్లదు. రెండవది నిర్దోషిత్వం, దానికి ఏ సహేతుకమైన జ్యూరీ సభ్యుడూ దోషి అనలేనంత బలమైన కొత్త సాక్ష్యం కావాలి.

అప్పీలు రుసుము 605 డాలర్లు. కట్టలేకపోతే జైలు ఖాతా స్టేట్‌మెంట్ జతచేసి మినహాయింపు కోరవచ్చు. ఆ స్టేట్‌మెంట్ చేతికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి ఈరోజే అడగమని చెప్పండి.