మలుపులో ముందు చక్రాలు మాట వినకపోతే

ప్రశ్న: నాది టర్బో ఇంజిన్ ఉన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్. ట్రాక్ కోసం స్ప్రింగులు మార్చి 40 మి.మీ. కిందికి దించాను. అయినా మలుపు మధ్యలో స్టీరింగ్ ఎంత తిప్పినా కారు బయటి అంచుకే పోతోంది. వెనక లావు యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపి కారు ఒరుగుడు తగ్గించే కడ్డీ) వేయిస్తే సరిపోతుందా?

జవాబు: బార్ పనిచేస్తుంది, కానీ దాని వంతు చివర్లో. ముందు టైర్ల పట్టు ఎక్కడ పోతోందో తెలుసుకోకుండా లావు బార్‌తో వెనక పట్టు తగ్గించుకోవద్దు. మీరు దించిన ఆ 40 మి.మీ. మీదే మాకు అనుమానం.

కారును చదునైన నేల మీద నిలిపి ముందు చక్రం లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు అడుగు భాగానికి కలిపే కింది కడ్డీ) చూడండి. చక్రం వైపు కొస లోపలి కొస కన్నా ఎత్తులో ఉందా? అలా ఉంటే, స్ట్రట్ సస్పెన్షన్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే స్తంభంలా ఉండే రకం) కార్లలో కారు ఒరిగే కొద్దీ బయటి చక్రానికి నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) తగ్గిపోతుంది, టైరు బయటి అంచు మీదే బరువంతా పడుతుంది. రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కూడా మరీ కిందికి దిగి, ఒరుగుడు ఇంకా పెరుగుతుంది. కారును కొంత పైకి లేపండి, లేదా పొడవైన పిన్ను ఉన్న రోల్ సెంటర్ బాల్ జాయింట్లు వేయించండి.

తర్వాత స్ట్రట్ డస్ట్ కవర్ పైకి లాగి, షాక్ రాడ్‌కు సీల్ పక్కనే ఒక జిప్ టై కట్టండి. నెడితే జరిగేంత బిగువు చాలు. నాలుగు ల్యాపులు తిరిగొచ్చి చూడండి. అది బంప్ స్టాప్ (షాక్ కదలికను చివర్లో ఆపే రబ్బరు) దాకా వెళ్లిందంటే, మలుపు మధ్యలో స్ప్రింగు పని అయిపోయి రబ్బరు మీద ఆగుతున్నట్టే. ఆ క్షణంలో బయటి ముందు టైరు మీద బరువు ఒక్కసారిగా పెరిగి పట్టు వదిలేస్తుంది. దించిన ఎత్తుకు తగ్గ పొట్టి షాక్‌లు వేయించాలి.

ఇక అలైన్‌మెంట్. ట్రాక్ మీద వాడాలంటే, ముందు చక్రాల క్యాంబర్ మైనస్ 2 నుంచి 2.5 డిగ్రీలు, టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా. క్యాంబర్ మారిస్తే టో కూడా మారుతుంది, కాబట్టి మొదట క్యాంబర్, తర్వాతే టో. క్యాంబర్ బోల్టులు వాడితే మొదటి సెషన్ తర్వాత బిగువు మళ్లీ చూడాలి, జారే అలవాటుంది వాటికి. పిట్‌లోకి రాగానే సూది పైరోమీటర్‌తో టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు ఉష్ణోగ్రత తీయండి. బయటి అంచు వేడిగా ఉంటే క్యాంబర్ చాలలేదు. మధ్య వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది, 2 పీఎస్ఐ చొప్పున తగ్గించండి.

ఇవన్నీ అయ్యాక కూడా ముందు భాగం జారితే అప్పుడు బార్. గుండ్రటి కడ్డీ బిగువు వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 మి.మీ. బదులు 22 మి.మీ. వేస్తే దాదాపు 46 శాతం గట్టిపడినట్టు. అందుకే రెండు మూడు రంధ్రాలున్న సర్దుబాటు బార్ కొనండి.

నడపడంలో ఒక్క మాట: జారుతున్నప్పుడు స్టీరింగ్ ఇంకా తిప్పకండి. కొద్దిగా వెనక్కి తీసి, యాక్సిలరేటర్ నెమ్మదిగా తగ్గిస్తే పట్టు తిరిగొస్తుంది.

ప్రశ్న: వెనక బార్ వేయించాక వానలో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం తిరిగిపోతోంది.

జవాబు: బార్ లింక్‌ను కొసన ఉన్న రంధ్రానికి మార్చండి. లీవర్ పొడవు పెరిగి బార్ మెత్తబడుతుంది. వెనక టో ఇన్ (చక్రాల ముందు కొసలు లోపలికి తిరిగి ఉండటం) తయారీదారు ఇచ్చిన పరిమితిలో ఉందో లేదో చూపించండి. అరిగిన టైర్లు వెనక ఉంచొద్దు, ఈఎస్‌సీ (కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఆపొద్దు.

ప్రశ్న: యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే ముందు భాగం బయటికి పోతే?

జవాబు: లోపలి చక్రం గాల్లో తేలినట్టై ఖాళీగా తిరుగుతోంది. దానికి క్యాంబర్ మందు కాదు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఖాళీగా తిరిగినా రెండో దానికి శక్తి అందించే గేరు అమరిక) కావాలి. అది వేసేదాకా, స్టీరింగ్ తిన్నగా అయ్యే కొద్దీ మాత్రమే యాక్సిలరేటర్ పెంచండి.