జబ్బు మనిషిని పోలీసులు లాకప్‌లో పెట్టొచ్చా?

మీ తమ్ముడికి మానసిక జబ్బు ఉందని చెప్పినా రాత్రంతా లాకప్‌లో ఉంచారు, ఆ అధికారం వాళ్లకుందా అని అడిగారు. లేదండీ. దిక్కుతోచక తిరుగుతున్న జబ్బు మనిషిని రక్షణలోకి తీసుకోవడం పోలీసుల బాధ్యతే. కానీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటలు దాటకుండా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. అడ్మిషన్ అక్కర్లేదని డాక్టరు అంటే, ఇంటి దగ్గర దిగబెట్టాల్సింది కూడా వాళ్లే.

మాది కోనసీమ. మా చిన్న మావయ్యకి స్కిజోఫ్రీనియా. మందులు మానేస్తే ఏటిగట్టు పట్టుకుని ఎటో వెళ్లిపోతాడు. ఒకసారి ఎవరి వాకిట్లోనో నిలబడి తనలో తాను మాట్లాడుకుంటుంటే దొంగనుకుని స్టేషన్‌లో అప్పజెప్పారు. మేం వెళ్లేసరికి కటకటాల వెనక మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. ఉరేసుకుంటాడేమోనని మొలతాడు కూడా తెంపేశారు. అక్కడి హెడ్ కానిస్టేబుల్ చెడ్డవాడేం కాదు, సొంత డబ్బుతో ఇడ్లీ తెప్పించి పెట్టాడు. ఆ నోటితోనే "ఇంట్లో గొలుసేసి ఉంచుకోవాలి గానీ ఇలా ఊరి మీదికి వదిలేస్తారా?" అన్నాడు. గొలుసుతో కట్టేయడాన్ని అదే చట్టం 95వ సెక్షన్‌లో నిషేధించింది! నాకు అర్థమైందేంటంటే, స్టేషన్‌లో చాలామందికి తెలిసినవి రెండే: కేసు కట్టడం, మందలించి పంపడం. ఆసుపత్రికి తీసుకెళ్లడం కూడా తమ డ్యూటీయేనని వాళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

సెక్షన్లు ఏకరువు పెడితే వాళ్లు బిగుసుకుపోతారు. మా అమ్మ పాత ఓపీ చీటీలు, సగం వాడిన మందుల స్ట్రిప్పు ఎస్‌ఐ గారి టేబుల్ మీద పెట్టి, "ఆసుపత్రిలో అప్పజెప్పండి బాబూ, మీకూ బాధ్యత తీరిపోతుంది" అంది. ఆ మాట పనిచేసింది. కానిస్టేబుల్‌ని తోడిచ్చి ఆటోలో పంపారు.

మీ తమ్ముడు కుదురుగా ఉన్నప్పుడు ఒక పని చేయించండి. తన తరఫున ఎవరు మాట్లాడాలో తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, వేలిముద్రైనా పర్వాలేదు. 14వ సెక్షన్ ప్రకారం అది చెల్లుతుంది. ఎందుకు తీసుకొచ్చారో అతనికి అర్థంకాని స్థితిలో ఉంటే పోలీసులు ఆ ప్రతినిధికే చెప్పాలి. ఆ కాగితం జిరాక్సు, ఓపీ చీటీలు ఒకే కవర్లో ఉంచుకోండి. రాత్రివేళ టెన్షన్‌లో వెతుక్కోవడం మహా కష్టం. మందులు వేసుకోనని మొండికేస్తే ఏం చేయాలో టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసి అడగొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఎవరైనా ఫిర్యాదు ఇచ్చి నిజంగానే కేసు కట్టి ఉంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు లాయరు కావాలి. ఈ చట్టం కింద తన హక్కుల కోసం ఉచిత న్యాయసహాయం అడగొచ్చు, ఆ సంగతి అతనికి చెప్పాల్సింది పోలీసులే. వాళ్లు చెప్పకపోతే మీరే 15100కి ఫోన్ చేయండి, లేదా మీ కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవల కమిటీ ఆఫీసుకి వెళ్లండి.